గోరు కింద చీలిక

ఇన్ని లైట్ల కింద పెడితే గాజుపెంకు కూడా మెరుస్తుంది, నన్ను పెట్టినా మెరుస్తానేమో, అలా కాదండీ, భూతద్దం కంటికి ఆనించుకుని రాయినే దగ్గరికి తెచ్చుకోండి అంటోంది షాపావిడ, నాకు తెలుసమ్మా, కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడమే నా పని, కానీ ఆ మాట పైకి అనలేదు, పక్కనే నాకు కాబోయేవాడున్నాడు, నాకు తెలుసంటే తనకు తెలియదన్నట్టవుతుంది, అది అతనికి నచ్చదు, నిశ్చితార్థం ఉంగరం కోసమని రోజూ ఫోన్లో వజ్రాల వీడియోలు చూసి చూసి ఇప్పుడు ఆవిడకే పాఠం చెబుతున్నాడు, బరువుదేముందండీ, కోత ముఖ్యం, కోత కుదిరితేనే వెలుగు పైకి తిరిగొస్తుంది, లేకపోతే అడుగునుంచి జారిపోతుంది, ఆవిడ అవునండీ అవునండీ అని తలూపుతోంది, తలూపడంలో నాకంటే ఆరితేరినట్టుంది, ఈ తెల్లకాగితం మీద పెట్టి పక్కనుంచి చూడండి, రాయిలో పసుపుంటే ఇట్టే తెలిసిపోతుంది అంది, పసుపు, వాచీ కింద నా మణికట్టు కూడా ఇవాళ పసుపు తిరిగింది, మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, ఇప్పుడు పసుపు, మానుతోందన్నమాట, వాచీ కుడిచేతికి మార్చావేమే అని అమ్మ అడిగితే ఎడమచేతికి చెమటపొక్కులన్నాను, అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చేసిందో, అక్కకు మాత్రం చెప్పాను, పోయినవారం కారులో ఫోనెందుకెత్తలేదని ఇలా పట్టుకుని మెలితిప్పాడే అని, అక్క, కోపం ఎవరికి లేదే, మీ బావకు లేదా, అబ్బాయి మనసు వెన్న కదా, ఇంత చిన్న మచ్చ పట్టుకుని బంగారంలాంటి సంబంధం చెడగొట్టుకుంటావా అంది, మచ్చ, ఆ మాట నాకూ హాయిగానే అనిపించింది, మచ్చే కదా అనుకుని నిద్రపోయాను.

ఇందులో ఒక మచ్చ ఉందండీ, చప్పున వాచీ మీద చెయ్యి వేసుకున్నాను, రాయిలోనట, నల్లటి చుక్క, భూమిలో ఉన్నప్పుడే వచ్చింది, పెరగదు, మామూలు కంటికి ఆనదు, పోనీ ఇది చూడండి, చుక్కలేం లేవు, అంచున మాత్రం వెంట్రుకంత చీలిక, రాయిని పట్టి ఉంచే ఈ బంగారు గోళ్లున్నాయి కదా, ఒక గోరు సరిగ్గా దానిమీదికి వచ్చేట్టు బిగిస్తే ఇక ఎవరికీ తెలియదు అంది ఆవిడ, ఇదే ఖాయం చేద్దాం, కనబడకపోతే లేనట్టే కదా, వజ్రం, గీత కూడా పడదు అన్నాడతను, గీత పడదు, నిజమే, కానీ పగులుతుంది, పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే అద్దం నా చేతిలో పెట్టి, మధ్యలో బుడగుంటే చూపుకు అడ్డం, అంతే, అంచున పెచ్చు లేచిందా, ఫ్రేము కింద దాగుతుందిలే అని బిగించకు తల్లీ, స్క్రూ తిప్పేకొద్దీ లోపలికి పాకుతుంది, పాపం ఎవరో మొహం కడుక్కుని కళ్లజోడు తీసుకుంటే రెండు ముక్కలై చేతికొస్తుంది అన్నాడు, బిగించేటప్పుడు పగలదా అండీ, అయ్యో, పైకి అడిగేశాను, అతను నవ్వాడు, నీ కళ్లజోళ్ల తెలివి ఇక్కడొద్దులే, నవ్వుతూనే బల్ల కింద నా చెయ్యి పట్టుకున్నాడు, అక్కడే, వాచీ మీద, బకిలు ఎముకలోకి దిగుతోంది, గాజు బల్ల, కింద జరిగేదంతా పైకి కనబడుతుంది, అతనికది తట్టలేదు, ఆవిడ చూసింది, చూపు రాయి మీదికి మార్చుకుంది, పగలదండీ, జాగ్రత్తగానే బిగిస్తారు అంది.

మొదట వానాకాలంలో గొంతు పెంచాడు, చలికాలంలో నా ఫోను గోడకేసి కొట్టాడు, మర్నాడే కొత్తది కొనిచ్చాడు, ఇప్పుడు మణికట్టు, చుక్కయితే ఉన్నచోటే ఉండాలి కదా, ఇది పాకుతోంది, ఇంకా బిగించకముందే ఇంత పాకింది, బిగించాక, పిల్లలు పుట్టాక, తలుపు గడియపెట్టాక, భయమేస్తోంది, అక్కా, నువ్వు దీనికి మచ్చ అని తప్పు పేరు పెట్టావే, నేనూ అదే పేరుతో పిలిచాను, వద్దు, వద్దన్నాను, ఈసారి పైకే, అతను చెయ్యి వదిలేసి, సరే బంగారం, నీకు నచ్చకపోతే వద్దు, ఇంకో రాయి చూపించండి అన్నాడు, ఎంత ముద్దుగా అన్నాడో, ఆవిడ హమ్మయ్య అన్నట్టు ఇంకో పొట్లం విప్పుతోంది, నేను వాచీ తీసి బల్లమీద పెట్టి, చెయ్యి ఆ తెల్లకాగితం మీదికి జరిపాను, ఆ తెలుపు మీద పసుపు ఇట్టే తెలుస్తోంది, అతని వేళ్ల అచ్చులు కూడా, రెండోసారి చెప్పాలి, అందరికీ వినబడేట్టు చెప్పాలి, నేను వద్దన్నది రాయిని కాదు.