కూర్మయ్య నీళ్ల లెక్క

జయశ్రీ తయారుచేసిన మొదటి కాలిక్యులేటర్ రెండు వందలకి నూట యాభై కలిపి రెండు లక్షల నూట యాభై అని తేల్చింది.

పలాసలో ఆడవాళ్లకు ఉచితంగా నేర్పే మొబైల్ యాప్‌ల క్లాసులో ఆమెకది మూడో రోజు. నేర్పే కుర్రాడు నిరంజన్ నవ్వాడు. "మేడం, డబ్బాలో మీరు కొట్టింది ఫోనుకి అంకె కాదు, ఉత్త అక్షరాలు. అంకెలుగా మార్చమని ముందు సెప్పాలి. లేపోతే కలపదు, పక్కపక్కన నిలబెడతాది."

ఒకే వంటింట్లో అత్తాకోడళ్లు కూడా అంతే కదా అనుకుంది జయశ్రీ. పైకి అనలేదు. బీఎస్సీ చదివి పన్నెండేళ్లుగా వంటింట్లో ఉన్న మనిషికి లోపల అనుకోవడం బాగా అలవాటు.

మిగతావాళ్లు కూడిక, తీసివేత మొదలైన నాలుగు మీటలూ పనిచేశాయని సంబరపడి ఊరుకున్నారు. ఆమె కూడిక ఒక్కటే ఉంచి, దాన్ని మావగారి కోసం మార్చుకుంది. కూర్మయ్యకి కిడ్నీలు పోయి ఏడాదిన్నర అయింది. వారానికి రెండుసార్లు డయాలసిస్. రోజుకి ముప్పావు లీటరు దాటి నీళ్లు లోపలికి పోతే ఊపిరితిత్తుల్లో చేరతాయన్నారు. తాగినప్పుడల్లా కొలత కొడితే యాప్ కలుపుతుంది. హద్దు లోపల పచ్చగా ఉంటుంది, దాటితే ఎర్రబడుతుంది.

గీతలు పెట్టిన గ్లాసొకటి ఆయన చేతికిచ్చింది. ఆయన చెప్పేవాడు, ఆమె కొట్టేది. మొదటి పదిహేను రోజులూ పచ్చగానే గడిచాయి.

"సూసినావేటే సిన్నతల్లీ, కోడలి ఫోనులో నాను రోజూ పాసయిపోతన్నాను," అనేవాడు భార్యతో.

డయాలసిస్ సెంటరులో ఆయన తూకం మాత్రం పెరుగుతూనే ఉంది. ఈసారి నాలుగు కిలోలు ఎక్కువ.

"తాతా, నుయ్యి తాగేసినావేటి?" అంది నర్సు కుమారి.

కూర్మయ్య కోడలివైపు చూశాడు. జయశ్రీ ఫోను తీసి చూపించింది. కుమారి దాన్ని చూడలేదు. ఆయన కాలిని తన చేతి బొటనవేలితో నొక్కింది. నొక్కినచోట గుంట అలాగే ఉండిపోయింది.

"ఇంకోపాలి ఇలగొస్తే ఊపిరందదమ్మా. ఆ మాట నీ ఫోనుకి సెప్పు."

మర్నాడు పొద్దున్న జయశ్రీ అరుగు దగ్గరే కాపు కాసింది. చిన్నతల్లి గిన్నె తెచ్చింది. అడుగున నాలుగు మెతుకులు, అంచుదాకా గంజి, ఓ ఉల్లిపాయ. కూర్మయ్య గిన్నె రెండు చేతులా ఎత్తి దించాడు.

"మావయ్యా, ఇంత గంజి రోజూ ఉందా? నాకెందుకు సెప్పలేదు?"

"నువ్వు తాగిందే అడిగినావు కదమ్మా. ఇది తిండి."

"గంజన్నం తింతారు గాని తాగుతారేటే," అంది చిన్నతల్లి. "డిగ్రీ సదివినావు, అది తెల్దా?"

పన్నెండేళ్లుగా జయశ్రీ కూడా రోజూ పొద్దున్నే గంజన్నం తిన్నారా అనే అడుగుతోంది. లెక్క చూసిన ఆ పదిహేను రోజులూ అలాగే అడిగి, వెంటనే ఎంత తాగారని ఇంకోసారి అడిగి, రెండో జవాబే ఫోనులో కొట్టింది.

అలాంటి గిన్నెడే ఇంకొకటి పోయించి, గంజి వంచి గీతల గ్లాసుతో కొలిచింది. నాలుగు వందల యాభై మిల్లీలీటర్లు. యాప్‌లో ఇంకో డబ్బా పెట్టింది: తిండిలో నీళ్లు. గంజి, చారు, మజ్జిగ, అన్నీ అందులోకే. ఆ మర్నాడు పది గంటలకే ఫోను ఎర్రబడింది.

కూర్మయ్య దాన్ని చాలాసేపు చూశాడు.

"పాతదే ఎట్టేమ్మా."

"అది తప్పు లెక్క మావయ్యా."

"తప్పయితే ఏటి? అదున్నప్పుడు గంజన్నం గంజన్నంలాగే ఉండీది. ఇప్పుడు ముద్ద ముద్దకీ దొంగని పట్టుకున్నట్టుంది."

జయశ్రీ పాతది పెట్టలేదు. గంజి ఇంట్లో ఉంచొద్దని అత్తగారికి చెప్పింది. చిన్నతల్లి ఎదురు చెప్పకుండా తలూపింది. ఆ తరవాత రోజూ పొద్దున్నే కూర్మయ్య, "తోట సూసొత్తాను," అని బయల్దేరేవాడు. తోట పడమటివైపు ఉంది. ఆయన నడిచింది తూర్పుకి, వీధి చివర రత్నాలమ్మ ఇంటివైపు, గంజన్నం కోసం. ఆ సంగతి తెలిసినా జయశ్రీ అడగలేదు. అరవై దాటిన మనిషి వెనకాల గీతల గ్లాసు పట్టుకుని వీధిలో పడలేకపోయింది.

క్లాసు చివరిరోజు నిరంజన్ ఆమె యాప్‌లో ఏవేవో అంకెలు కొట్టి చూశాడు. "మీదే బెస్టు మేడం. ఒక్క తప్పు కూడా దొరకలేదు."

సర్టిఫికెట్టుతో ఇంటికొచ్చేసరికి కూర్మయ్య అరుగుమీద ముందుకు వంగి కూర్చున్నాడు. మీసానికి మెతుకు.

"ఏటి తిన్నారు మావయ్యా?"

"ఏటీ..." ఊపిరి తీసుకోడానికి ఆగాడు. "ఏటీ లేదమ్మా. నువ్వొద్దన్నావు కదా."

చిన్నతల్లి గోడవైపు చూస్తోంది. జయశ్రీ యాప్‌లో తిండి డబ్బాలో సున్నా కొట్టింది. ఆ వెంటనే సెంటరుకి తీసుకెళ్లడానికి ఆటోకి ఫోను చేసింది. డయాలసిస్‌కి ఆయన వంతు ఎల్లుండిగాని రాదు.