నలుపు బాగా కనిపించే టీవీ

అద్దకాల కార్ఖానాలో ఆయన్ని అందరూ రంగుల మాస్టారు అనేవారు. రంగు తొట్లోంచి తీసి ఆరబెట్టిన బట్టని నమూనా ముక్క పక్కన పెట్టి చూసి, ఆయన ఊఁ అంటేనే సరుకు గేటు దాటేది. ఉహూఁ అన్నాడా, మళ్ళీ తొట్లోకే. ఆ ఊఁకీ ఉహూఁకీ మధ్య ముప్పై ఏళ్ళు దర్జాగా బతికాడు.

ఆయనకో పద్ధతి ఉంది. తన మాట ఎప్పుడూ ముందు చెప్పడు. "ముందు నువ్వు చెప్పు" అంటాడు. ఎదుటివాడు నోరు తెరిచి ఏదో ఒకటి అన్నాక దాన్ని పట్టుకుని ఉతికి ఆరేస్తాడు. కార్ఖానాలో ఆ ఉతుకుడు పనివాళ్ళందరికీ పంచి పెట్టేవాడు గానీ ఇంట్లో మొత్తం భార్య వంతే. కిటికీకి కర్టెన్ గుడ్డ తెచ్చి, చుట్టాలంతా కూర్చుని ఉండగా "ఇదే రంగో ముందు నువ్వు చెప్పు" అనేవాడు. ఆవిడ గోధుమ రంగంటే, "విన్నారా! దీని కళ్ళకి తుప్పూ గోధుమా ఒకటే. గుడ్డిగవ్వ!" అనేవాడు. చుట్టాలు నవ్వేవారు. కాఫీ కప్పుల పళ్ళెం పట్టుకుని ఆవిడా నవ్వేది. నవ్వకపోతే మూతి ముడిచిందని మరో విడత మొదలవుతుంది. చివరికి ఆడపడుచు పిల్లలు కూడా ఆవిణ్ణి గుడ్డిగవ్వ అత్త అనే పిలిచేవారు.

ఆవిడ బతుకంతా ఆయన ఇంట్లో లేని వేళల్లోనే ఉండేది. పొద్దున్న కార్ఖానా వ్యాను వచ్చి ఆయన్ని ఎక్కించుకుని మలుపు తిరగ్గానే, పెద్ద కిటికీ బార్లా తెరిచి కుట్టుమిషను ముందు కూర్చునేది. పై వాటాలోంచి తోడికోడలు దిగి వచ్చేది. ఇద్దరూ మాస్టారి నడకా, ఆ ఊఁ, ఆ ఉహూఁ అనుకరించి కడుపుబ్బ నవ్వేవారు. సాయంత్రం వ్యాను హారన్ వినబడేదాకా ఆ ఇల్లు ఆవిడది. "ఈ కాసేపూ లేకపోతే నాకెప్పుడో పిచ్చెక్కేదే" అని తోడికోడలితో చాలాసార్లు అంది.

ఇలా ఉండగా పాత టీవీ మూలిగి మూలిగి ప్రాణం విడిచింది. కొత్తది కొనడానికి మొగుడూ పెళ్ళాలిద్దరూ దుకాణానికి బయల్దేరారు. తోడుగా ఆవిడ తమ్ముడు వచ్చాడు. టీవీల గురించి నాలుగు రోజులుగా చదివి చదివి వచ్చాడు పాపం, ఆ చదువంతా బావగారి ముందు నోట్లోంచి బయటికి రాలేదు.

దుకాణంలో మూడు టీవీలు పక్కపక్కనే వేలాడుతున్నాయి. సేల్స్‌మ్యాన్ చెయ్యి చాపి చూపించాడు.

"ఇది మామూలు ఎల్ఈడీ అండీ. తెర వెనకాల లైట్లుంటాయి. మధ్యలోది క్యూఎల్ఈడీ. వెలుగు బాగా ఎక్కువ, ఎండ పడే హాల్లో కూడా బొమ్మ తేటగా ఉంటుంది. ఈ చివరిది ఓఎల్ఈడీ. ఇందులో ఏ చుక్క వెలుగు ఆ చుక్కదే. నలుపు కావాల్సిన చోట చుక్కలు పూర్తిగా ఆరిపోతాయి. అందుకే నలుపంటే నలుపేనండీ."

"బావగారూ, మీ హాల్లో అంత పెద్ద కిటికీ ఉంది కదా. మధ్యాహ్నం ఎండ సూటిగా గోడ మీదే పడుతుంది. మధ్యలోదైతే..."

"నువ్వాగరా. రంగుల సంగతి నువ్వు నాకు చెప్తావా?" అన్నాడు మాస్టారు. తర్వాత సేల్స్‌మ్యాన్ వైపు తిరిగి, "ముందు నువ్వు చెప్పు. నలుపు దేంట్లో బాగుంటుంది?"

"చివరిదాంట్లోనండీ. ఉండండి, రాత్రిపూట కొండల వీడియో ఒకటుంది, పెట్టి చూపిస్తా."

అతను రిమోట్ నొక్కగానే చివరి టీవీ కాస్తా ఆరిపోయింది. మళ్ళీ నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. పక్క టీవీలోంచి మాత్రం సంగీతం గట్టిగా వస్తోంది. మాస్టారు రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆరిపోయిన తెరకేసి తల పంకించాడు.

"ఆహా! ఇదీ నలుపంటే. ఆ కొండ అంచు చూడండి, నీలం నలుపులోకి ఎలా కరిగిపోతోందో! మీ మధ్యలోది దీని ముందు బలాదూర్."

సేల్స్‌మ్యాన్ చేతిలో రిమోట్ అలాగే నిలిచిపోయింది. తమ్ముడి నోట్లోంచి నవ్వు తన్నుకొస్తుంటే ఆవిడ వాడి చెయ్యి గిల్లి ఆపింది. అప్పుడు మొగుడి కళ్ళలోకి చూసింది. చాలా ఏళ్ళకి చూసింది. ఆ కళ్ళు తెర మీద లేవు, తెర ఎక్కడుందో వెతుక్కుంటున్నాయి.

ఒక్కసారిగా ఆవిడకి అన్నీ ఒకదానికొకటి అతికాయి. కళ్ళజోడు దొరకలేదంటూ పేపరు చదివించుకోవడం, మెట్లు కాలితో తడిమి దిగడం, ప్రతిదానికీ ముందు నువ్వు చెప్పు అనడం మరీ ఎక్కువవడం. ఈ మధ్య కార్ఖానా సరుకు రెండుసార్లు తిరిగొచ్చింది. రంగు కలవలేదట. ఆ తప్పు తొట్టి దగ్గర పనిచేసే ముసలాయన మీదికి తోసి, ఆయన్ని పనిలోంచి తీయించి వచ్చి, ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు ఈ మహానుభావుడు. వెలుగుకీ నీడకీ తేడా తెలుస్తోందేమో, అంతకు మించి ఆయనకేమీ కనబడటం లేదు.

ఆవిడకి జాలి వెయ్యాలి. వెయ్యలేదు. సంతోషం వేసింది. గొంతుదాకా వచ్చిన ఆ సంతోషాన్ని మింగి, "మీరు చెప్పిందే తీసుకుందామండీ" అంది.

టీవీ బిగించడానికి వచ్చిన మనిషి రిమోట్‌లో ఒక మీట చూపించాడు. పాటలు వినేటప్పుడు అది నొక్కితే బొమ్మ ఆరిపోతుంది, పాట మాత్రం వస్తూనే ఉంటుంది. అతను చెప్పిన తక్కిన మీటలేవీ ఆవిడకి గుర్తులేవు.

కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళొచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. వచ్చింది, వాకిట్లో కాసేపు నిలబడింది, ఆవిడ లోపలికి పిలవలేదు. ఒక్కసారి, నలుగురు అక్కర్లేదు, ఆయన విలువిచ్చే ఒక్క మనిషి ముందు ఆయన తల దించుకోవాలి. ఆవిడకి కావలసింది అదొక్కటే. అలా ఆర్నెల్లు ఆగింది. ఆఖరికి కార్ఖానా యజమాని ఒక సాయంత్రం ఇటుగా వస్తున్నాడని తెలిసి, "కొత్త టీవీ చూసినట్టుంటుంది, టీ తాగి వెళ్ళమనండి" అని మొగుడిచేతే పిలిపించింది.

యజమాని సోఫాలో కూర్చున్నాడు. హాల్లో ట్యూబ్‌లైటు వెలుతురు అద్దం లాంటి తెర మీద పడి మెరుస్తోంది. ఆవిడ టీవీ పెట్టి, పాటల కార్యక్రమం తిప్పి, ఆ మీట నొక్కింది. బొమ్మ పోయింది. పాట మోగుతోంది.

"ఏమండీ, ఆ పాడే అమ్మాయి వేసుకున్న గౌను భలే ఉంది కదూ. అదే రంగండీ?" అంది టీ కప్పు అందిస్తూ.

యజమాని తెరకేసి చూశాడు, ఆవిడకేసి చూశాడు. మొగుడూ పెళ్ళాల పరాచికం కాబోలనుకుని చిరునవ్వు నవ్వాడు.

"ముందు నువ్వు చెప్పు" అన్నాడు మాస్టారు.

"నాకైతే నెమలికంఠం రంగులా ఉంది."

అక్కడ ఊరుకున్నా బతికిపోయేవాడు. ఔనే అన్నా, పరాచికం కింద పోయేది. కానీ పెళ్ళాం మాటకి ఔననడం ఆయన జన్మలో లేదు.

"విన్నారా సార్! నెమలికంఠమట! గుడ్డిగవ్వ అని ఊరికే అన్నానా? అది పచ్చ ఎక్కువ కలిసిన నీలం. ఆ అంచు దగ్గర చూడండి, అద్దకం కాస్త తేలిపోయింది కూడా. మన కార్ఖానాలో అయితే నేను ఉహూఁ అనేవాణ్ణి."

యజమాని మొహంలో నవ్వు ఆరిపోయింది. కప్పు కింద పెట్టి, మాస్టారి మొహానికి జానెడు దూరంలో చెయ్యి అటూ ఇటూ ఆడించాడు. మాస్టారు అక్కడ చెయ్యే లేనట్టు నవ్వుతూనే ఉన్నాడు.

"మాస్టారూ, టీవీలో బొమ్మ లేదండీ."

"ఇప్పుడే పోయినట్టుంది సార్. నిన్నట్నుంచీ ఇలాగే సతాయిస్తోంది."

"నేను వచ్చి కూర్చున్నప్పట్నుంచీ లేదు" అన్నాడు యజమాని. "పాపం, ఆ తొట్టి ముసలాయన కాళ్ళావేళ్ళా పడ్డాడు. తన తప్పు కాదని ఒట్టేశాడు. నేను మీ మాటే నమ్మాను" అన్నాడు. టీ ముట్టకుండా లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "రేపట్నుంచి వ్యాను రాదండీ" అని ఆవిడతో చెప్పి వెళ్ళిపోయాడు.

మాస్టారు తల దించుకున్నాడు. ఆవిడ ఎదురుగా నిలబడి తనివితీరా చూసింది. ఆ రాత్రి ఎన్నేళ్ళకో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

మర్నాడే డాక్టరుకి చూపించారు. డాక్టరు మాస్టారి కళ్ళలో దీపం వేసి చూసి, "ఆర్నెల్ల ముందు తెస్తే ఉన్న చూపయినా నిలబెట్టేవాళ్ళం. ఇంట్లో ఎవరూ గమనించలేదామ్మా?" అన్నాడు. ఆవిడ చేతిసంచీ జిప్పు తీసి, మళ్ళీ వేసింది.

ఆ మర్నాడు పొద్దున్న వ్యాను హారన్ వీధి మలుపులో మోగింది, ఇటు తిరగకుండానే వెళ్ళిపోయింది. మాస్టారు కుర్చీలో కూర్చునే ఉన్నాడు. అప్పటికిగానీ తను చేసిన పనేమిటో ఆవిడకి తెలిసిరాలేదు. ఆయన పరువు తీయడం గురించి అంత ఆలోచించిన మనిషి, పరువు పోయినవాడు పొద్దస్తమానం ఎక్కడ కూర్చుంటాడో ఒక్కనాడూ ఆలోచించలేదు. పెనం మీంచి పొయ్యిలో పడింది.

"టీవీ పెట్టు. ఏం వస్తోందో చెప్పు" అన్నాడు మాస్టారు.

అది మొదలు. ఎర్ర చొక్కా అంటే "ఎరుపంటే ఏ ఎరుపు? ఇటుకా, దానిమ్మా, రక్తమా?" అంటాడు. ఆకాశం అంటే ఏ వేళప్పటి ఆకాశమంటాడు. మిషను మీద చెయ్యి వేస్తే "ఆ చప్పుడేంటి? నాకు వినబడొద్దూ?" అంటాడు. తోడికోడలు రెండుసార్లు దిగి వచ్చింది. "ఎవరది? కూర్చోమను. తను కూడా ఓ రంగు చెప్తుంది" అనేసరికి, పొయ్యి మీద పాలున్నాయంటూ వెళ్ళిపోయింది. ఆ పాలు ఇప్పటికీ పొంగలేదు.

ఒక మధ్యాహ్నం పెద్ద కిటికీలోంచి ఎండ సూటిగా తెర మీద పడింది. తమ్ముడు చెప్పనే చెప్పాడు. నలుపు బాగా కనిపించే ఆ టీవీలో ఆవిడకి బొమ్మ జాడే లేదు. కిటికీ, కుర్చీలో ఆయన, పక్కన తను, అంతే.

"ఎండ పడుతోందండీ. నాకేం కనబడట్లేదు."

మాస్టారు పగలబడి నవ్వాడు. ఉద్యోగం పోయాక ఆయన అలా నవ్వడం అదే మొదటిసారి.

"ముప్పై ఏళ్ళుగా చెప్తున్నానా లేదా! గుడ్డిగవ్వ! సరిగ్గా చూడు. ఏదో ఒకటి ఉంటుంది."

ఆవిడ చూసింది. "ఒక గది ఉంది. కుర్చీలో ఒకాయన కూర్చున్నాడు. పక్కన ఒకావిడ నిలబడింది."

"ఏం చేస్తోంది?"

"ఆయనకేదో చెప్తోంది."

"ఎలాంటిది మనిషి? మంచిదా, చెడ్డదా?"

ఆవిడ కిటికీ మూసేద్దామని అటు కదిలింది. ఆయన చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి ఆవిడ మణికట్టు దొరకబుచ్చుకుంది.

"ఎక్కడికి? ముందు నువ్వు చెప్పు" అన్నాడు.