జత తప్పిన అక్షరం

మనవరాలి ఎడమ కన్ను తీసేయాల్సి వచ్చింది. కంటి లోపలి పొరలో కాన్సర్. ఆ పిల్లకు తమ్ముడు పుట్టి ఇంకా నెల నిండలేదు. వాడికీ వస్తుందా అన్నదే ఇప్పుడు తేలాల్సిన లెక్క. అందరి రక్తమూ పరీక్షకిచ్చి, జన్యువులు చూసే డాక్టరమ్మ గది బయట కూర్చున్నాం.

"మా వైపు అందరి కళ్ళూ బానే ఉన్నాయి బావగారూ," అన్నాడు వియ్యంకుడు ఎటో చూస్తూ.

"మావాళ్ళూ కళ్ళజోడు లేకుండానే చెప్పు కుట్లు లెక్కపెడతారు," అన్నాను. నాది చెప్పుల షాపు.

"సరుకు వాపసు బేరం అయిందా మామయ్యా? లోపలికి పిలుస్తున్నారు," అంది కోడలు, బాబును ఎత్తుకుని. వెనకే మా అబ్బాయి.

"పాప జన్యువులో కనబడ్డ మార్పు తల్లిలోనూ తండ్రిలోనూ లేదు," అంది డాక్టరమ్మ. "కొత్తగా వచ్చింది. సంబంధం లేని కుటుంబాల్లోనూ ఇదే అక్షరం తరచు మారుతుంది."

"అదే ఎందుకు?" అన్నాను.

"డీఎన్ఏలో అక్షరాలు జతలుగా ఉంటాయి. వాటిలో సి అనే అక్షరం మామూలుగా పాడైతే డీఎన్ఏలో ఉండకూడని అక్షరమవుతుంది. కణం పట్టేసి తీసేస్తుంది. కొన్ని సి-ల మీద కణమే ఒక గుర్తు తగిలిస్తుంది. అవి పాడైతే టి అవుతాయి. టి డీఎన్ఏలో ఉండే అక్షరమే, అందుకే తప్పేదో కణానికి తేలిగ్గా తెలియదు."

నాకు అందింది. పెట్టెలో వేరే కంపెనీ చెప్పు పడితే కొత్త పనివాడైనా పట్టేస్తాడు. ఒకటి ఏడో నంబరు, ఒకటి ఎనిమిది, రెండూ మన సరుకే అయితే? చాలాసార్లు తప్పుదాన్నే తీస్తాం. ఎప్పుడో ఒకసారి సరైనదాన్ని తీసేసి, తప్పుకు జత కలుపుతాం.

"అంటే రెండు గోదాముల్లోనూ తేడా లేదు. బాబుకు భయం లేనట్టే," అని లేచాను.

"కూర్చోండి. తండ్రి రక్తంలో లేకపోయినా వీర్యకణాలు తయారయ్యేచోట తప్పు జరిగుంటే, అలాంటివి ఇంకొన్ని ఉండొచ్చు. బాబు ఫలితం ల్యాబువాళ్ళు ఇప్పుడే ఫోన్‌లో చెబుతామన్నారు."

ఒక జత తేడా వస్తే దాంతోపాటు వచ్చిన లాటు సరుకు మొత్తం విప్పించేవాణ్ణి నేను. మావాడు తల దించుకున్నాడు.

"మీ చేతిలో ఏముంది అల్లుడుగారూ," అన్నాడు వియ్యంకుడు మెల్లగా.

ఫోన్ మోగింది. డాక్టరమ్మ వింటోంది. కోడలు బాబు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బాబులో లేదు. రెండుసార్లు చూశారట."

కోడలు బాబు కళ్ళ మీంచి చెయ్యి తీసింది.

"మరి పాపకి?" అంది కోడలు.

"ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంది. రెండో కన్ను నెలనెలా చూస్తుండాలి."

"నేను తీసుకొస్తాను," అన్నాను.

"షాపెవరు చూస్తారు? పాపను నేను తీసుకొస్తాలెండి," అన్నాడు వియ్యంకుడు.

కోడలు బాబును ఆయన ఒళ్ళో పెట్టి, బయట అమ్మమ్మ దగ్గరున్న పాప కోసం వెళ్ళింది.