కోసేసిన చరణం

ఇస్రాయేలు రెండో మైకు గొట్టాన్ని ఆటో టాపుకు ఆనించి, తాడు కొసను పళ్లతో లాగి ముడేశాడు. కిందికి దిగి, సీటు కింద సంచిలోంచి మైకు తీశాడు. దాని మూతికి ఒక పాత గుడ్డ చుట్టి ఉంది. ఒకప్పుడు ఎర్రది, ఇప్పుడు పాత ఇటుక రంగుకు దిగింది. వాళ్లమ్మ అమృతమ్మ మట్టి తట్ట మోసే రోజుల్లో నెత్తి మీద పెట్టుకున్న సుట్టబట్టలోంచి చింపిన ముక్క అది. ఊపిరి తగిలి మైకు బుస్సుమనకుండా కట్టుకున్నాడు. ఏళ్ల తరబడి ఉమ్మి తడికీ దుమ్ముకూ ఆ ముడి రాయిలా బిగిసిపోయింది.

"హలో, హలో, మైక్ టెస్టింగ్."

వనపర్తి బస్టాండు ముందు పండ్ల బండ్ల వాళ్లెవరూ తలెత్తలేదు. ఎండ ఎంత అలవాటో ఆ గొంతూ వాళ్లకు అంతే అలవాటు. చీరల తగ్గింపు, కంటి శిబిరం, సర్కసు, తప్పిపోయిన బర్రె, ఏ కబురైనా ఆ గొంతులోంచే ఊరికి చేరుతుంది. నలభై దాటిన మనిషి. పొడుగు, కొంచెం గూని. గుటక వేస్తే గొంతుముడి పైకీ కిందికీ స్పష్టంగా కదులుతుంది. ఎడమచేతి వేళ్ల కొసలు తీగలు నొక్కీ నొక్కీ కాయలు కాశాయి. కుడి బొటనవేలి గోరు మాత్రం పెంచుకుంటాడు. మీటడానికి.

ఆటో బాలస్వామిది. టీ గ్లాసు అందిస్తూ ఆ రోజు పని చెప్పాడు.

"ఇయ్యాల సుదర్శన్ సేటు పని. వినాయక చవితికి కొత్త సీడీ తీసిండు, జానపదాలంట. మాపటికి దుకాణం ముందట విడుదల. పెద్దమందడి దాంక పోయి చెప్పి రావాలె. నువ్వు మాట చెప్పు, నేను పాట పెడ్త."

"ఎవరు పాడిన్రు?"

"హైదరాబాద్ పిల్లంట. నాకేం ఎరుక? మంచిగనే కూస్తది."

సుదర్శన్ పేరు వినగానే ఇస్రాయేలుకు టీ చేదైంది. అయినా తాగేశాడు. పని పనే.

ఇస్రాయేలు పాట బతుకును లెక్క వేస్తే, క్యాసెట్టుకు రెండు వైపులు ఉన్నట్టే దానికీ రెండు వైపులు ఉన్నాయి. ఒకవైపు పెట్టింది, ఇంకోవైపు వచ్చింది. పెట్టింది చాలా ఉంది. పెద్దమందడి చర్చికి వచ్చిన పాస్టరు బదిలీ మీద పోతూ ఇచ్చేసిన గిటారు. ఆ గిటారు మీద తాత కొట్టిన డప్పు దరువును ఎక్కించడానికి అరగదీసుకున్న వేళ్ల చర్మం. కళాబృందంలో నలుగురి వెనక నిలబడి వంత పాడిన వయసు. బృందం చెదిరిపోయాక, "ఒక్కనివే పాడుతవా, డప్పు లేక, గజ్జె లేక? ఎవరు ఇంటర్రా?" అని నవ్వినవాళ్ల ముందు ఒక్కడే నిలబడిన మొండితనం.

విన్నారు. దరువు వేళ్లలోంచి, మాట గొంతులోంచి, రెండూ ఒక్క మనిషి దగ్గరి నుంచే వస్తుంటే జనం నోళ్లు తెరిచి విన్నారు. సుదర్శన్ తన దుకాణం మేడ మీద, బయటి చప్పుడు రాకుండా గోడలకు గుడ్ల అట్టలు అంటించిన గదిలో అతని చేత మూడు క్యాసెట్లు పాడించాడు. 'తట్ట', 'సున్నం చేతులు', 'ఎర్రమట్టి దారి'. గద్వాల బస్టాండులో, నాగర్‌కర్నూల్ టీ బండ్ల దగ్గర అవి రోజంతా మోగాయి. వలసపోయే మేస్త్రీలు మూటల్లో పెట్టుకుని పుణె దాకా మోసుకుపోయారు.

ఇక వచ్చినవైపు చూడాలి. మొదటి క్యాసెట్టు అట్ట మీద గిటారుతో ఇస్రాయేలు బొమ్మ ఉంది. రెండోదాని మీద బొమ్మ బొటనవేలంత అయింది. మూడోదాని మీద కడవ ఎత్తుకున్న సినిమా పిల్ల వచ్చి నిలబడింది. మూడింటి మీదా ఒకే మాట అచ్చయింది: రచన, జానపదం. అంటే ఎవరిదీ కాదు.

పేరు అచ్చులో లేదని ఇస్రాయేలు మొదట్లో దిగులు పడలేదు. వాళ్ల వైపు భజన పాటకైనా, తత్వానికైనా కట్టినవాడి పేరు ఆఖరి చరణంలో ఉంటుంది. చదువురాని జనానికి అదే పట్టా. అట్ట చిరిగిపోవచ్చు, పాటలోని పేరు ఎక్కడికి పోతుంది? ఆ ధీమాతోనే 'తట్ట' పాట చివర తల్లి పేరూ తన పేరూ కలిపి కట్టుకున్నాడు. కానీ రికార్డింగు రోజు ఆ చరణం ఎత్తుకునేసరికి సుదర్శన్ చెయ్యెత్తి ఆపాడు.

"టేపు ఒడిసిపోతున్నది అన్నా. ఆఖరుకు పేరే గద! మల్ల దాంట్ల పెడుదాం."

ఇస్రాయేలు ఆగాడు. పొలం రాసిస్తూ హద్దుల మాట మరిచిన రైతు ఎంత పోగొట్టుకుంటాడో అతనూ అంత పోగొట్టుకున్నాడు. తర్వాతి క్యాసెట్లలోనూ టేపు సరిగ్గా అక్కడే అయిపోయింది. నాలుగో క్యాసెట్టు రానేలేదు. సీడీలు వచ్చాయి, గిటారు గొంగడిలో చుట్టుకుని ఇంటి దూలానికి ఎక్కింది, ఇస్రాయేలు ఆటో ఎక్కాడు. భార్య కృప అయిజ దగ్గర పత్తి విత్తనాల చేన్లలో క్రాసింగ్ పనికి పోయింది. పూవు నుంచి పూవుకు పుప్పొడి అద్దే పని. నువ్వూ వచ్చేయమని కబురు మీద కబురు పెడుతోంది.

ఆటో పెద్దమందడిలోకి వచ్చేసరికి ఎండ ముదిరింది. రోడ్డు పక్క ఇంటి ముందు అమృతమ్మ పల్లికాయ ఒలుస్తూ కూర్చుంది. ఎముకల మీద చర్మం వదులైన పెద్ద మనిషి. తట్టలు మోసిన నడినెత్తిన ఇప్పటికీ అరచేయంత మేర వెంట్రుక లేదు. పక్కన పొరుగింటి హన్మమ్మ చాటలో పొట్టు చెరుగుతోంది.

ఇస్రాయేలు ప్రకటన చెప్పి మైకు దించాడు. బాలస్వామి తర్వాతి పాట పెట్టాడు. గిటారు మీద డప్పు దరువు మొదలైంది. మొదటి దెబ్బకే ఇస్రాయేలు వెన్ను నిటారైంది. ఆ దరువు అతనిది. ఆ తర్వాత ఆడగొంతు అందుకుంది:

"తట్ట నీ తలమీద, నడుమేమొ గాలిలోన,
కట్ట మీద నడువంగ కన్ను కొట్టిన పిల్లా..."

అతను కట్టింది ఇదీ:

"తట్ట నా తలమీద, బిడ్డ నా ఒడిలోన,
కట్ట ఎవ్వరిదైతేంది, చెమట నాదిర కొడుకా..."

ప్రాజెక్టు కట్ట మీద చంకలో పసివాణ్ణి కట్టుకుని మట్టి మోసిన ఆడమనిషి పాట అది. ఆ ఆడమనిషి ఎదురుగానే కూర్చుని పల్లికాయ ఒలుస్తోంది.

"అత్తా, నీ నడుము ముచ్చట వనపర్తి దాంక పోయింది పో!" అని హన్మమ్మ చాట కింద పెట్టి పకపకా నవ్వింది.

"ఒరే ఇస్రాయేలూ!" అమృతమ్మా బోసినోటితో నవ్వింది. "గీ వయసుల నా నడుము మీద పాట కట్టినవారా? నాకు గా సోకేందిరా?"

ఇస్రాయేలు నవ్వలేదు. కొడుకు ముఖం చూసి ఆమె నవ్వు ఆపింది. ఒలుస్తున్న కాయ చేతిలోనే ఉంచుకుని పాట చివరిదాకా విన్నది. పాట ఆగిపోయాక కూడా వింటున్నట్టే కూర్చుంది.

"ఆఖరు మాట రాలేదేందిరా? నువ్వు ఇంట్ల పాడంగ నా పేరుండె గద."

"కోసిండ్రమ్మా."

"ఎవరు?"

"కొనుక్కున్నోళ్లు."

"నా పేరు నేనెప్పుడమ్మిన్రా?" అంది అమృతమ్మ.

బాలస్వామి ఆటో తిప్పాడు. వనపర్తి దాకా ఇస్రాయేలు మైకు ముట్టలేదు.

సుదర్శన్ దుకాణం ముందు షామియానా వేశారు. బల్ల మీద సీడీలు మిఠాయి డబ్బాల మాదిరి పేర్చి ఉన్నాయి. సుదర్శన్ కొత్త చొక్కాలో, చేతిలో పూలదండతో హడావుడిగా తిరుగుతున్నాడు. ఇస్రాయేలు ఒక సీడీ తీసి వెనక అచ్చు చదివాడు. సేకరణ: సుదర్శన్.

"సేటూ, ఇది నా పాట."

"అన్నా, జానపదమంటే ఊరందరిది. నేను ఊరూరు తిరిగి ఏరి తెచ్చిన. సేకరణ అని రాసుకుంటే తప్పేంది?"

"మా అమ్మ నెత్తి మీదికెల్లి ఏరినవా?"

సుదర్శన్ నవ్వు తగ్గించి, అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. "జర ఆలోచన చెయ్యన్నా. ఇది వినాయకుని మండపాలల్ల పెట్టే సీడీ. అట్ట మీద ఇస్రాయేలు అని ఉంటే ఎవడు కొంటడు? నీ మంచికే చెప్తున్న. క్రిస్మస్‌కు రా, ఏసు పాటలు చేద్దాం. దాని మీద నీ పేరు గింత పెద్దగ కొట్టిస్త."

"పెద్దగ వద్దు సేటూ. గిప్పుడు, జనం ముందట, నా ఆఖరి చరణం ఒక్కటి పాడనియ్యి. అమ్మ పేరు చెప్పి దిగిపోత."

"ప్రోగ్రాం పాడు చెయ్యకు. పైసలు తీసుకుని చెప్పెటోనివి, చెప్పు, పో."

అగ్గిపెట్టె మీద కూడా దాన్ని చేసినవాడి పేరు ఉంటుంది. కిరాణా కొట్టులో పసుపు పొట్లం మీదా ఉంటుంది. గుర్తు చెరిపి సరుకు అమ్మేవాణ్ణి బజారు దొంగ అంటుంది. పాట గుర్తు చెరిపి అమ్మేవాడికి మాత్రం దండ వేసి వేదిక ఎక్కిస్తుంది. ఈ బేరం ఎవరు కుదిర్చారు? ఎవరి త్రాసుతో తూచారు? ఇస్రాయేలు ఛాతీలో ఈ ప్రశ్నలన్నీ ఒక్కసారే లేచాయి.

ఆటో దగ్గరికి నడిచి, సీటు మీది మైకు తీశాడు.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు బాలస్వామి.

"పైసలు తీసుకుని చెప్పెటోన్ని గద. చెప్తున్న."

గిటారు లేదు. ఎడమచేత్తో ఆటో రేకు మీద దరువు వేశాడు. రేకు డప్పులా పలికింది. 'తట్ట' పాటను మొదటి మాట నుంచి ఎత్తుకున్నాడు. నడుము లేని పాట, కన్ను కొట్టని పాట. రోడ్డు మీద సైకిళ్లు ఆగాయి. షామియానా కింద కుర్చీలు ఇటు తిరిగాయి. కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని పోతున్న ఒక ముసలామె గంపతోనే నిలబడిపోయింది. చరణం మీద చరణం నడిచి, అన్నిసార్లూ టేపు అయిపోయిన చోటికి పాట చేరింది. ఈసారి ఆపే చెయ్యి లేదు.

"పెద్దమందడి గడ్డ మీద తట్ట మోసిన అమృతమ్మ,
ఆ తల్లి కొడుకు ఇస్రాయేలు కట్టిండు ఇనిపోండ్రి..."

రెండుసార్లు పాడాడు. రెండోసారి అతని కళ్లు ఎర్రబడ్డాయి గానీ గొంతు బీటలు వారలేదు.

జనం చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. ఆ తర్వాత ఏ వ్యాపారికైనా తెలిసిందే జరిగింది. పాట నచ్చిన జనం పాట దొరికే చోటికి నడిచారు. "గా పాట ఉన్న సీడీ ఇయ్యి సేటూ" అంటూ బల్ల చుట్టూ మూగారు. సుదర్శన్ ఒక్క క్షణం బిత్తరపోయి, మరుక్షణం రెండు చేతులా అమ్మసాగాడు. మధ్యలో తలెత్తి ఇస్రాయేలు వైపు చూసి, మెచ్చుకోలుగా బొటనవేలు ఎత్తి చూపించాడు కూడా.

ఇస్రాయేలు చూశాడు. అతని పేరున్న పాట కొనుక్కుని ఇంటికి పోతున్నామని అనుకుంటున్న జనం చేతుల్లో, అతని పేరు లేని డబ్బాలు. ఎవరినీ పిలిచి చెప్పలేదు. ఎంతమందికని చెబుతాడు?

బాలస్వామి ఆటోను బస్టాండు దగ్గరికి తెచ్చి ఆపాడు. "మస్తు పాడినవ్ పో. సేటు కోపానికి రాలె, ఖుషీ మీదున్నడు. రేపు చీరల దుకాణం పని ఉన్నది, పొద్దుగాలే రా."

"రాను బాలన్నా."

"ఏందిర, అలిగినవా?"

"అలుగుడు కాదు. ఇగ నా గొంతు ఎవనికీ కిరాయకు లేదు. అయిజకు పోత. పూలు అద్దుకుంట బతుకుత. పాడాలనిపిస్తే కృప ముందట పాడుకుంట, ఆమె అయితే కొయ్యదు. ఆదివారం అమ్మ దగ్గరికి వస్తనని చెప్పు."

అయిజ వైపు పోయే గద్వాల బస్సు బస్టాండు లోపలి నుంచి తిరిగి వచ్చి గేటు దగ్గర ఆగింది. కండక్టరు తలుపు మీద చరిచాడు. ఇస్రాయేలు మైకు ఒడిలో పెట్టుకుని ఆ గుడ్డ ముడి విప్పబోయాడు. పెంచుకున్న బొటనవేలి గోరు ముడిలో దూర్చి లాగాడు. గోరు విరిగింది, ముడి రాలేదు. బస్సు కదిలింది. మైకు సీటు మీద పెట్టి, పరుగెత్తి, కదిలే బస్సు మెట్టు అందుకున్నాడు.

"అరె, నీ గుడ్డ!" అని బాలస్వామి అరిచాడు. బస్సు పొగలో వంగిన పొడుగాటి వీపు ఒకసారి కనిపించి లోపలికి పోయింది.

బాలస్వామి ఆటో స్టార్టు చేశాడు. సీటు మీద మైకు, దాని మూతికి అమృతమ్మ సుట్టబట్ట ముక్క. ముడి లాగేటప్పుడు నొక్కుకుపోయిన మైకు మీటను ఎవరూ చూసుకోలేదు. గుంతలో ఆటో కుదిపినప్పుడల్లా ఆ గుడ్డ సీటుకు రాసుకుంటోంది, ఆ రాపిడి టాపు మీది గొట్టాల్లోంచి వనపర్తి వీధులన్నిటా వినిపిస్తూ పోయింది.