తస్నీమ్ పుట్టిన తేదీ

నా పుట్టినరోజు జూలై ఒకటి. మా సెక్షన్‌లో ఆరుగురం ఉంటే నలుగురిది జూలై ఒకటే. మా అమ్మలందరూ కూడబలుక్కుని ఒకే రోజు కన్నారనుకునేరు, అదేం లేదు. రాయచోటి దగ్గర మా ఊరి బళ్లో అచ్యుతరామయ్య అయ్యవారు పిల్లవాణ్ని ఒకసారి ఎగాదిగా చూసి, బళ్లు తెరిచే రోజులకు దగ్గరగా ఒక తేదీ వేసేవారు. నాకు రెండేళ్లు తగ్గించి వేశారు. ముందు ముందు పనికొస్తుంది లే అన్నారట మా నాయనతో. పనికొచ్చింది కూడా. అసలు వయసు ప్రకారమైతే నేను ఎప్పుడో ఇంటికి పోయి మనవళ్లను ఆడించుకోవాలి. ఆయన పుణ్యమా అని ఇంకా పది నెలల సర్వీసు మిగిలి ఉంది.

యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సెక్షన్‌కు నేను సూపరింటెండెంట్‌ని. పేరు శ్రీనివాసులు. వీసా పొడిగింపు కావాలన్నా, హాస్టల్ మారాలన్నా ఫైలు నా బల్ల మీదుగానే పోవాలి. పాస్‌పోర్టులో ఒక అక్షరం, అప్లికేషన్‌లో ఒక అక్షరం ఉంటే ఆ ఫైలు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. ఆ పిల్లలు వాళ్ల వాళ్ల భాషల్లో నన్ను ఏం తిడతారో నాకు అర్థం కాదు గానీ, తిడతారని మాత్రం తెలుసు.

అట్లాంటి నేనే ఒక పాప పుట్టిన తేదీ మార్చాను. కంచే చేను మేయడమంటే ఇదే.

ఆ పాప పేరు తస్నీమ్. తండ్రి ముజ్తబాది సూడాన్. మా యూనివర్సిటీలో భూగర్భశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. తార్నాకలో మా ఇంటి పై పోర్షన్‌లో అద్దెకు ఉంటాడు. మొదట ఒక్కడే వచ్చాడు. వచ్చిన నాలుగు నెలలకే వాళ్ల దేశంలో యుద్ధం మొదలైంది. భార్య అమానీ, కూతురు అక్కడ చిక్కుకుపోయి, ఊళ్లు మారి, సరిహద్దు దాటి, పోయిన దసరాకి గాని ఇక్కడికి చేరలేదు. అప్పటికి పాప బడి మొహం చూసి ఏడాదిన్నర. వచ్చాక కూడా, చదువుల ఏడాది మధ్యలో అని ఏ బడిలోనూ చేర్చుకోలేదు. అట్లా రెండేళ్లు గడిచాయి. ఈ జూన్‌కి కూడా సీటు దొరక్కపోతే మూడో ఏడు. పదేళ్ల పిల్ల మూడేళ్లు బడికి దూరమైతే ఇంక బడికి పోనంటుంది. ఇది నేను పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. మా పెద్దక్క రెండేళ్లు ఆగి మళ్లీ చేరి, చిన్నపిల్లల మధ్య కూచోలేక వారానికే పలక అటక మీద పడేసింది. ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది.

అందుకని ఏప్రిల్ నుంచే ముజ్తబాని వెంటేసుకుని బళ్ల వెంట తిరిగాను. అతను శాస్త్రవేత్త కదా, పెద్ద కాగితం మీద గళ్లు గీశాడు. ఏ సిలబస్, ఎంత దూరం, అరబిక్ చెప్తారా, ఆటస్థలం ఉందా. ఒక్కో బడికి మార్కులు వేస్తాడట. పిల్ల పెళ్లికి కూడా ఇంతగా చూడరు నాయనా అని నేను ఎగతాళి చేశాను. అతను నవ్వలేదు. రేపు పాప ఏ దేశంలో చదవాల్సి వస్తుందో తెలియదు కాబట్టి, ఎక్కడికి పోయినా చెల్లే చదువు కావాలన్నాడు.

ఊరికి అటు చివర ఉన్న పెద్ద ఇంటర్నేషనల్ స్కూల్‌కి ముందు పోయాం. గుర్రపుస్వారీ కూడా నేర్పిస్తారట. ఫీజుల కాగితం చూసి ముజ్తబా దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆ స్కూలు గురించి మళ్లీ ఎత్తలేదు. హబ్సిగూడలో ఇంకొకటి చూశాం. కింద బేకరీ, పైన మూడో అంతస్తులో బడి. రిసెప్షన్ అమ్మాయి మూడో తరగతి నుంచే ఐఐటీకి పునాది వేస్తామంది. పునాది మూడో అంతస్తులో ఎట్లా వేస్తారమ్మా అని అడిగాను. ఆమెకు కోపం వచ్చింది.

తస్నీమ్ ప్రతిచోటా ఒక్కటే అడిగేది. బయటికి పోవడానికి ఇంకో దారి ఉందా అని. వచ్చిన ఆరేడు నెలల్లో మా వీధి పిల్లలతో ఆడి ముక్కలు ముక్కలుగా తెలుగు పట్టింది. ఆ పిల్ల ఎందుకు అడుగుతోందో హబ్సిగూడలో ఎవరికీ అర్థం కాలేదు, లిఫ్ట్ చూపించారు. సీతాఫల్‌మండిలో చూసిన బడి ప్రిన్సిపాల్ కృపారాణి మేడం మాత్రం ఏమీ అడక్కుండా లేచి, పాప చెయ్యి పట్టుకుని వెనక వరండా మీదుగా తీసుకుపోయి, రైల్వే స్టేషన్ వైపు తెరుచుకునే చిన్న గేటు చూపించింది. గడియ పాప చేతనే తీయించి, మళ్లీ వేయించింది. తిరిగి వచ్చాక తస్నీమ్ ఈ స్కూల్ అంది. ముజ్తబా తన గళ్ల కాగితం బయటికే తీయలేదు.

అయితే పరీక్ష పెడితే పాపకు మూడో తరగతి చదువే వచ్చు. వయసేమో ఐదో తరగతిది. మూడులో తొమ్మిదేళ్లు దాటినవాళ్లను తీసుకోరట, వాళ్ల రూలు. ఐదులో వేస్తే పిల్ల మునిగిపోతుందని మేడమే అంది. ఇంకెక్కడైనా చూసుకోండి అని మర్యాదగానే చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు క్యాంపస్ రోడ్డు మీద నడుస్తూ పాప నా చొక్కా అంచు పట్టుకుంది.

నాకు మా అక్క గుర్తొచ్చింది. అచ్యుతరామయ్య అయ్యవారూ గుర్తొచ్చారు. ఇంతోటి దానికి ఇంత బాధేమిటి, రెండేళ్లు తగ్గిస్తే పోలా అనిపించింది. తప్పు చేస్తున్నానని నాకు తోచనే లేదు. మా తరంలో బడి తేదీ వేరు, అసలు తేదీ వేరు. అది అబద్ధం కిందికి వస్తుందని మాకు ఎవరూ చెప్పలేదు.

ముజ్తబా ఒప్పుకోలేదు. మా దగ్గర ఇట్లా చేయరు సార్ అన్నాడు. ఇది మా దగ్గర, ఇక్కడ అందరూ చేస్తారు, నేనే చేయించుకున్నవాణ్ని అని ధైర్యం చెప్పాను. మీరు ఆఫీసర్, మీకు తెలుసు అని చివరికి సంతకం పెట్టాడు. పుట్టిన తేదీ చెప్పే నోటరీ కాగితం మీద 2015ని 2017 చేశాను. పాస్‌పోర్టు వీసా పని మీద ఉంది, తర్వాత ఇస్తామని మేడంతో చెప్పాను. మొన్న పదేళ్లన్నారు కదా అని ఆమె అడిగితే, ఆ తండ్రికి మన భాష రాక పొరపాటుగా చెప్పాడని సర్దాను. నా నెరిసిన తల చూసి నమ్మింది. పాపను కూచోబెట్టి, ఎవరడిగినా ఎనిమిదేళ్లు అని చెప్పాలని పది సార్లు వల్లె వేయించాను. పాప ఎందుకని అడగలేదు. ఆ యుద్ధంలో పెద్దవాళ్లు చెప్పింది చెప్పినట్టు చేయడం అలవాటైందేమో.

రెండు నెలలు అంతా బాగానే ఉంది. మా ఆవిడ భాగ్యలక్ష్మి పొద్దున్నే పాపకు రెండు జడలు వేసేది. పాప మూడో తరగతిలో అందరికన్నా జానెడు పొడుగు. ఎనిమిదేళ్లకే ఇంత ఎత్తా అని పిల్లలు ఆశ్చర్యపోయేవాళ్లట. అది విని నేను మురిసిపోయాను కూడా.

ఆగస్టు రెండో వారంలో కృపారాణి మేడం నాకూ ముజ్తబాకూ ఫోన్ చేసి రమ్మంది. విదేశీ పిల్లల వివరాలు పాస్‌పోర్టు నంబరుతో సహా ఆన్‌లైన్‌లో ఎక్కించాలట. పాస్‌పోర్టు నకలు తీసుకురమ్మంది. ఆన్‌లైన్‌లో ఎక్కించాలన్న సంగతి నాకు తెలియనిది కాదు. పెద్ద పిల్లలకు నేను రోజూ చేసే పనే. కానీ ఆ పని వేరు, బడిలో తేదీ వేయడం వేరు అని నా బుర్రలో రెండు గదులు కట్టుకున్నాను. మధ్యలో తలుపు ఉందని తోచలేదు. ముజ్తబా వీసా గడువు సెప్టెంబరులో అయిపోతుంది. కూతురి పేరు మీద దొంగ కాగితం ఉందని తేలితే, ఇంత యుద్ధం దాటొచ్చిన కుటుంబం నా తెలివితేటల వల్ల వీధిన పడుతుంది.

మేడం తన గదిలో పాస్‌పోర్టూ నోటరీ కాగితమూ పక్కపక్కన పెట్టి చూసింది.

"మీరు చదువుకున్నోళ్లు సారు. విదేశీ పిల్లల ఫైళ్లు చూసే ఆఫీసరే ఇట్ల చేస్తరా?" అంది.

నేను నా కథంతా చెప్పాను. జూలై ఒకటి, అయ్యవారు, మా అక్క. పిల్ల బాగుకోసమే కదా, ఎవరికి నష్టం జరిగిందని అడిగాను కూడా. తప్పు దొరికాక వాదించడం మా సీమ వాళ్లకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

ఆమె వాదించలేదు. పాపను పిలిపించింది. తస్నీమ్ వచ్చి తండ్రి పక్కన నిలబడింది. ఎన్నేళ్లు నీకు అని మేడం అడిగితే నావైపు చూసింది. ఆ చూపుకే నాకు సిగ్గేసింది. నిజం చెప్పు, ఎవ్వరూ ఏమనరు అంది మేడం.

"పది," అంది పాప. కాస్త ఆగి నాతో అంది, "తాతా, నువ్వు టూ ఇయర్స్ తీసేసినవ్ కదా. ఆ టూ ఇయర్స్‌లనే మా చెల్లె ఉండె. అవి తీసేస్తే చెల్లె ఎక్కడ ఉంటది?"

నాకు అర్థం కాలేదు. మా సెక్షన్ ఫైల్లో ఆ కుటుంబం ముగ్గురే. ముజ్తబా కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. అతనే చెప్పాడు, ఇంగ్లీషులో, తల ఎత్తకుండా. యుద్ధం మొదలయ్యేసరికి అమానీ కడుపుతో ఉందట. ఆగస్టులో ఆడపిల్ల పుట్టింది. మరుసటి ఏడు, ఇల్లు వదిలి సరిహద్దు వైపు పోతున్న దారిలో జ్వరంతో పోయింది. అతను ఇక్కడే మా పై పోర్షన్‌లో ఉన్నాడప్పుడు. ఫోన్‌లో తప్ప బిడ్డను చూడలేదు. ఆ రోజుల్లో అద్దె ఒక వారం ఆలస్యమైతే నేను మెట్లెక్కి పోయి అడిగొచ్చాను. అతను ఏమీ చెప్పలేదు, నేనూ ఏమైందని అడగలేదు.

చెల్లిని ఎత్తుకుని నడిచింది తస్నీమేనట. అమానీ మూటలు మోసింది.

ఆ పిల్ల రెండు నెలలపాటు రోజూ ఎనిమిదేళ్లు అని చెప్తూ, చెప్పిన ప్రతిసారీ ఆ బిడ్డను పోగొట్టుకుంది. చెప్పించింది నేను. పిల్లకు మేలు చేశానని వీధి అరుగుల మీద చెప్పుకున్నదీ నేనే. ఏడవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. ఈ తేదీ మార్చింది నేను, ఇది మామూలే అని చెప్పి తండ్రి చేత సంతకం పెట్టించింది నేను, అతను వద్దన్నాడు అని రాసి, హోదాతో సహా సంతకం పెట్టాను. ముజ్తబా వీసా ఫైలు నేను చూడనని, వేరే వాళ్లకు అప్పజెప్పమని మా రిజిస్ట్రార్‌కు రాస్తానని కూడా చెప్పాను.

మేడం అది చదివింది. "ఇది మీ ఆఫీసుకు పోతే పెన్షన్ ముంగట మీకు మెమో వస్తది, తెలుసు కదా?"

రానీ అన్నాను. ముప్పై ఏళ్లు ఒక అక్షరం తేడాకు ఫైళ్లు తిప్పి పంపినవాణ్ని, నాకు ఒక మెమో వస్తే ఆకాశం ఊడిపడదు.

ఆమె నోటరీ కాగితం మీద అడ్డంగా గీత కొట్టి ఫైల్లో పెట్టింది. అసలు వయసుతో ఐదులోనే పేరు రాస్తానంది. "కష్టమైతది. బడి విడిచినంక రోజు ఒక గంట నేనే కూసోబెట్టుకుంట," అని పాపతో అంది. పాప సరేనంది. ఐదో తరగతి ఏ గదో అడిగింది.

కొత్త అప్లికేషన్ నా చేతికే ఇచ్చారు. నా దస్తూరి బాగుంటుందని కాదు, పాడు చేసినవాడే బాగు చేయాలని. పేరు రాశాను. పద్నాలుగు, మార్చి, రెండువేల పదిహేను అని రాశాను. తల్లి, తండ్రి, చిరునామా అయ్యాక తోబుట్టువుల గడి వచ్చింది. మొదటి అప్లికేషన్‌లో అక్కడ నేను ఎవరినీ అడక్కుండానే అడ్డగీత గీసేశాను.

చెల్లి పేరేమిటని తస్నీమ్‌ను అడిగాను. రీమ్ అంది. రాశాను. పక్కన వయసు గడి ఉంది. పెన్ను అక్కడ ఆగింది.

"ఎనిమిది నెలలు," అంది తస్నీమ్. నేను సరిగ్గా రాస్తున్నానా లేదా అని కాగితం మీదికి వంగి చూసింది.

ఎనిమిది నెలలు అని రాశాను. మేడం అప్లికేషన్ తీసుకుని పైనుంచి కిందికి చదివింది. లేనివాళ్ల పేర్లు ఆ గడిలో రాయకూడదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. స్టాంపు వేసి సంతకం పెట్టింది.