ఇష్బెల్ కంటి ఎత్తు

పొద్దున్నే పాలు పితికి, మీగడ డబ్బాలు వాగు నీళ్లలో దించి వచ్చి, ఇష్బెల్ తన గౌను అంచు కుట్లు విప్పుకుంది. ఏదైనా గట్టిగా తలపెట్టినప్పుడు ఆమె పొడుగవుతుంది. పనయ్యాక మామూలు ఎత్తుకొస్తుంది. అందుకే లోయలో దర్జీ ఆమె గౌన్లకి మూరెడు గుడ్డ మడిచి కుడతాడు.

ఈసారి పంతం రోడ్డు గురించి. బండిదారి ఈ కొండ మీదుగా వస్తే మీగడ పులవకముందే రేవు చేరుతుంది. లేదంటే ఆవుల్ని అమ్ముకోవాల్సిందే. కానీ వాలు ఐదు డిగ్రీలు దాటితే గుర్రాలు లాగలేవు.

సర్వేయరు విల్మట్ వాలు కొలిచే ఇత్తడి గొట్టం తుడుస్తూ పెదవి విరిచాడు.

"పైన నిలబడ్డ మనిషి కన్ను, కింద నా కన్ను నేల నుంచి ఒకే ఎత్తులో ఉండాలమ్మా. అప్పుడే కోణం సరిగ్గా వస్తుంది. ఈ మనూకా పొదల్లో మనిషే కనబడడు. నరికించే టైము లేదు, సాయంత్రం పడవెక్కాలి. వాగు అవతలి దారే ఖాయం చేసేస్తాను."

"పొదల పైకి నేను కనబడతాను. నా ఎత్తుకి మీరే రండి."

అప్పటికే ఆమె తల పశువుల కొట్టం చూరుని తాకుతోంది. విల్మట్ ఎడ్లబండి ఎక్కి, వెన్న పెట్టెలు పేర్చుకుని, ఆమెకి సమానంగా నిలబడ్డాడు.

"ఇంతే ఉండండి. పెరగొద్దు, తరగొద్దు."

పొదలు తప్పిస్తూ మరిది డంకన్ ఆమెకి ముందు నడిచాడు. పైకి చేరగానే మొదలెట్టాడు.

"అమ్మేసి మా ఇంటికొచ్చెయ్ వదినా. మా ఆవిడకి అంట్లు తోమే మనిషి దొరుకుతుంది."

ఆమె మడమల్లో కోపం చురుక్కుమని, ఎత్తు పెరగబోయింది. కోపం మింగేసింది.

"తమాషాకన్నాలే. అన్నయ్య పోయాక ఒక్కదానివే ఎంత చాకిరీ చేశావో నాకు తెలీదా?"

ఈసారి మనసు మెత్తబడి, ఎత్తు తరగబోయింది.

"నోర్మూసుకుని ఆ కొమ్మ పట్టుకో డంకన్!"

ఆమె కదల్లేదు. కింద గొట్టంలో నీటిబుడగ గీత మీద కుదురుకుంది.

"నాలుగున్నర డిగ్రీలు!" విల్మట్ అరిచాడు. "దారి ఇటే!"

రోడ్డు వచ్చింది. పనైపోయినా ఇష్బెల్ మాత్రం మళ్లీ పొట్టిదవలేదు. దర్జీ ఇంకో మూరెడు గుడ్డ జోడించాడు.

కొత్త దారిలో ఎక్కిన మొదటి బండిలో ఆమె గుమ్మం పెంచడానికి కలప వచ్చింది. రంపం పట్టుకుని డంకన్ గొణిగాడు.

"కాస్త వంగి వెళ్తే సరిపోయేది కదా వదినా?"

"నా ఇంట్లోకి నేనా?" అంది ఇష్బెల్. "కొయ్యి."