నేలవేము బొమ్మ

ఇశ్రాయేలుకు వైకుంఠం సారు మీద కోపం ఈనాటిది కాదు. వైద్య కాలేజీలో చిత్రకారుడిగా ఇరవై ఏళ్లు ఆ సారు కోసం కళ్లు పోయేలా రెండొందల పన్నెండు మందుమొక్కల బొమ్మలు వేశాడు. పుస్తకం వచ్చింది. తెరిస్తే ‘రచన, చిత్రాలు: ప్రొఫెసర్ వైకుంఠం’ అని ఉంది. అడిగితే సారు నవ్వి, “నీ పేరు జూసి ఎవరు కొంటరు ఇశ్రాయేలూ?” అన్నాడు. ఆ నవ్వును ఇశ్రాయేలు మరిచిపోలేదు.

రెండో ముద్రణకు నేలవేము అనే చేదు మందుమొక్క బొమ్మ కూడా కావాలన్నాడు సారు. ఇశ్రాయేలు కిక్కురుమనకుండా వేసిచ్చాడు, కావాలనే తప్పుగా. నేలవేముకు ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ఇతను కుడికొకటి, ఎడమకొకటి, మెట్లలా వేశాడు. బతుకులో గీసిన ఒకే ఒక్క అబద్ధపు కొమ్మ అది. సారు అసలు మొక్క మొహం చూస్తేనా? బొమ్మను చూసే వర్ణన రాసేసి అచ్చుకిచ్చాడు.

ఆరేళ్లకు అదను దొరికింది. పత్తర్‌గట్టిలో ఒక హాల్లో సారు ఉపన్యాసం. దాదాపు ఐదొందల ఏళ్ల కిందటి జర్మన్ వైద్యుడి గురించి. ఆయన మొక్కను ఎదుట పెట్టుకుని బొమ్మలు వేయించాడట, వేసినవాళ్ల ముఖాలు కూడా తన గ్రంథంలో అచ్చొత్తించాడట. ఆ మాట సారు సిగ్గూ ఎగ్గూ లేకుండా చెబుతుంటే ఇశ్రాయేలుకు ఒళ్లు మండిపోయింది.

లేచి, ఉప్పుగూడ రైలు పట్టాల పక్కన విరిచిన నేలవేము కొమ్మను పైకెత్తాడు. “సార్, దీని ఆకులు ఎదురెదురుగ ఉన్నయ్. మీ పుస్తకంల గట్ల లేవు. ఏంది సంగతి?”

కొమ్మ ముందు వరసలోని డాక్టర్ల చేతులు మారింది. ఎవరో పుస్తకం తెరిచారు. గుసగుసలు మొదలయ్యాయి. వైకుంఠం మొహంలో నెత్తురు చుక్క లేదు. మైకు గట్టిగా పట్టుకుని, “నా తప్పు కాదండీ! బొమ్మల తప్పున్నది. అది నేను వెయ్యలే. ఈ ఇశ్రాయేలే వేసిండు!” అన్నాడు.

ఇశ్రాయేలుకు కడుపు చల్లబడింది. ఈ ఒక్క మాట కోసమే ఇన్నేళ్లు కాచుకుని ఉన్నాడు. ఇప్పుడు నిజం చెబితే తన చేతిని ఇక ఎవరూ నమ్మరని తెలుసు. తెలిసే నోరు విప్పాడు.

“అవ్ సార్, నేనే ఏసిన. కావాల్నని తప్పేసిన. మరి మిగతా రెండొందల పన్నెండు ఎవరేసిండ్రో, గది గూడ మైకులనే చెప్పుండ్రి.”